ఆరు లెక్కల్లో ఉన్న మనిషి



తాతగారి తండ్రి పేరు మన ఇళ్లలో చాలామందికి తెలుసు. తద్దినం పెట్టే ఇళ్లలో ఆయన తండ్రి పేరు కూడా తెలుస్తుంది. కానీ ఆ తాతగారి నాయనమ్మ పేరేమిటని అడిగితే ఇంట్లో పెద్దవాళ్లు సైతం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆమె ఏ ఊరి ఆడపడుచు, ఎన్నేళ్లు బతికింది, ఎందరిని కని ఎందరిని పోగొట్టుకుంది అన్న మాటలకు జవాబు చెప్పగలిగినవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. రాజులకు శాసనాలున్నాయి. జమీందార్లకు వంశావళులున్నాయి. కూలి చేసుకుని, గొడ్లు కాసుకుని, నేత నేసుకుని బతికినవాళ్ల జాడ ఎక్కడ వెతకాలి? చాలామంది వెంటనే జనాభా లెక్కలు అంటారు. ఈవేళ అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాట సాగడానికి ఒక మనిషిని అనుకుందాం. 1876లో, ధాత నామ సంవత్సరంలో, ఒంగోలు తాలూకాలో ఒక మాదిగపల్లెలో పుట్టిన ఆడపిల్ల. తండ్రిది తోలుపని, పని లేనప్పుడు చేలో కూలి. ఈమె నేను కల్పించుకున్న మనిషి. ఆమె చుట్టూ నేను చెప్పబోయే సంగతులు మాత్రం కల్పన కాదు. వింటున్నవాళ్లలో కొందరి ముత్తవ్వను కన్నతల్లి అచ్చం ఇలాంటి మనిషే అయి ఉంటుంది.

ఆమె పుట్టిన ఏడే కరువు మొదలైంది. ధాత కరువని పెద్దవాళ్లు చెప్పుకున్నది అదే. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చేసింది. 1871లో మద్రాసు ప్రెసిడెన్సీ జనాన్ని ఒకసారి లెక్కపెట్టారు. పదేళ్ల తర్వాత మళ్లీ లెక్కిస్తే జనం పెరగలేదు, తగ్గారు. కర్నూలు జిల్లా ఒక్కదానిలోనే దాదాపు నాలుగో వంతు మంది లెక్కకు రాలేదు. చచ్చిపోయినవాళ్లు చచ్చిపోగా, కాళ్లలో సత్తువున్నవాళ్లు ఊళ్లు వదిలిపోయారు. మన ఆడపిల్ల బతికింది. అప్పటి పసిపిల్లల్లో బతికి బట్టకట్టడమే పెద్ద సంగతి.

1881 ఫిబ్రవరి 17 రాత్రి. దేశమంతటా ఒకే రాత్రి జరిగిన మొదటి జనగణన అది. అంతకు కొన్ని వారాల ముందే ఇళ్లకు నంబర్లు వేశారు, వివరాలు రాసుకుపోయారు. ఆ రాత్రి ఊరి కరణమో, బడిపంతులో దీపం పట్టుకుని మళ్లీ గడప గడపకూ వచ్చి, రాసుకున్నవాళ్లు ఉన్నారా, కొత్తగా ఎవరైనా వచ్చారా, ఈలోగా ఎవరైనా పోయారా అని సరిచూసుకున్నాడు. పేరు, వయసు, ఆడా మగా, మతం, కులం, పెళ్లయిందా, పుట్టిన చోటు, మాట్లాడే భాష, చేసే పని, చదువు, గుడ్డితనం చెవుడు లాంటివి ఉన్నాయా అన్నవి ఆనాటి ప్రశ్నలు. అప్పటికి మన ఆడపిల్లకు నాలుగైదేళ్లు. ఆ కాగితం మీద ఆమె ఉంది. మళ్లీ 1891లో ఉంది, అప్పటికి పెళ్లయి అత్తగారి ఇంట్లో. 1901లో, 1911లో, 1921లో, 1931లో కూడా ఉంది. ఆరుసార్లు ఎవరో ఒకరు గడప ముందు నిలబడి ఆమె గురించి అడిగి రాసుకున్నారు.

ఇంతా చేసి ఆ కాగితాల్లో ఆమె పేరు ఉందో లేదో కూడా చెప్పలేం. ఇంటి ఆడవాళ్ల పేర్లు చెప్పడానికి మగవాళ్లు ఇష్టపడకపోతే పేరు రాయాల్సిన చోట ‘స్త్రీ’ అని రాసుకుపొమ్మని ఆ కాలంలో లెక్కలు రాసేవాళ్లకు సూచన ఉండేది. పేరు రాసిన ఇళ్లలో మాత్రం ఆ రాత ఏమైంది?

అది తెలుసుకోవాలంటే లెక్క తీసిన పద్ధతి చూడాలి. 1901 నుంచి చీటీల పద్ధతి వచ్చింది. ఇంటింటి కాగితంలో ఉన్న ఒక్కో మనిషి వివరాలను ఒక్కో చిన్న చీటీ మీదకు ఎక్కించేవాళ్లు. మతాన్ని బట్టి చీటీ రంగు మారేది. చీటీ మీదకు మనిషి పేరు ఎక్కించాల్సిన పని లేదు, ఎందుకంటే లెక్కకు పేరు అక్కర్లేదు. గుమాస్తాలు వరసగా కూర్చుని ఆ చీటీలను అరల్లోకి విడదీసేవాళ్లు. వయసును బట్టి ఒకసారి, కులాన్ని బట్టి ఇంకోసారి, వృత్తిని బట్టి మరోసారి. ప్రతిసారీ కట్టలు లెక్కపెట్టి పట్టికలో అంకె వేసేవాళ్లు. పట్టికలు అచ్చయ్యాయి, లావుపాటి సంపుటాలుగా ఇప్పటికీ ఉన్నాయి. వాటికి ఆధారమైన ఇంటింటి కాగితాలను, చీటీలను పని అయ్యాక దాచిపెట్టలేదు. అప్పట్లో ఒంగోలు ఉన్న నెల్లూరు జిల్లాలో ఆ వయసు ఆడవాళ్లు ఇంతమంది అని పట్టికలో ఒక అంకె కనబడుతుంది. ఆ అంకెలో ఒక ఒకటి మన మనిషి. అంతవరకే.

ఇంగ్లండులో ఇలా జరగలేదు. 1841 నుంచి అక్కడి ఇంటింటి వివరాలు దాచారు. నూరేళ్లు మూసిపెట్టి, ఆ తర్వాత ఎవరైనా చూసుకోవచ్చని వదులుతారు. 1921 నాటి కాగితాలు 2022 జనవరిలో బయటికొచ్చాయి. అమెరికాలో 72 ఏళ్ల గడువు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న తెరిచారు. లాంకషైర్ మిల్లులో నూలు వడికిన ఆడమనిషి పేరు, వీధి, ఇంట్లో ఎందరున్నారు అన్నది ఆమె మునిమనవరాలు ఒక సాయంత్రం కూర్చుని చూసుకోగలదు. అక్కడా నష్టాలు లేకపోలేదు. ఇంగ్లండు 1931 కాగితాలు 1942 డిసెంబరులో నిప్పంటుకుని పోయాయి. ఐర్లండులో 19వ శతాబ్దపు లెక్కలు చాలామటుకు ప్రభుత్వం చేతుల్లోనూ, 1922 డబ్లిన్ మంటల్లోనూ పోయాయి. అయినా 1901, 1911 కాగితాలు అక్కడ ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. అవే సంవత్సరాల్లో మన ఊళ్లలోనూ దాదాపు అవే ప్రశ్నలు అడిగారు. అడిగించింది కూడా ఆ బ్రిటిష్ సామ్రాజ్యమే. ఒకచోట మనుషుల కోసం దాచారు, ఇంకోచోట అంకెలు చాలనుకున్నారు. ఈ తేడా నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

స్వతంత్రం వచ్చాక 1948లో మన జనగణన చట్టం చేసుకున్నాం. దాని 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరూ చూడటానికి లేదు, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరావు. బతికున్న మనిషి చెప్పిన మాట గుప్తంగా ఉండాలన్నది మంచి నియమమే. పన్నుల వాళ్లకో పోలీసులకో చేరుతుందన్న భయముంటే ఎవరు నిజం చెబుతారు? కానీ ఆ గుప్తతకు చట్టంలో గడువంటూ లేదు. ఇప్పుడు 2027 జనగణన మొదటిసారి పూర్తిగా డిజిటల్ పద్ధతిలో నడుస్తోంది. కాగితాలు పేరుకుపోతాయన్న సాకు ఇక చెల్లదు. నూరేళ్ల తర్వాతయినా తెరిచే ఏర్పాటు చేయాలని నేను గట్టిగా నమ్ముతాను. 2127లో మన మునిమనవలు మన పేర్ల కోసం వెతుక్కోకుండా ఉండాలంటే అది ఇప్పుడు అడగాల్సిన విషయం.

సరే, మన ఒంగోలు మనిషి దగ్గరికి వద్దాం. లెక్కల్లో పేరు దొరకనప్పుడు ఆమెతోనో, ఆమెవాళ్లతోనో ఎవరికి పని పడిందో ఆ చోట్లు వెతకాలి. పన్ను వసూలు చేసేవాడు, పని చేయించుకునేవాడు, మతం ఇచ్చేవాడు, అప్పిచ్చేవాడు. వీళ్లందరికీ మనిషి పేరు కావాలి.

కరువు ముదిరినప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడుపుతున్న జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లు వేలాదిగా ఆ మట్టి పనికి వచ్చారు. తిండి కోసం మతం పుచ్చుకుంటున్నారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడి ఆ పని చేశారు.

భూమి లేని కుటుంబం పేరు సర్కారు భూమి లెక్కల్లోకి ఎక్కదు. కానీ చర్చి పుస్తకంలోకి ఎక్కే వీలుంది. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, కాబట్టి 1878లో రెండేళ్లున్న మన ఆడపిల్ల అందులో ఉండదు. వెతకాల్సింది ఆమె తల్లిదండ్రుల పేర్లు. ఆమె పేరు వచ్చేది ఇంకో పన్నెండు పదిహేనేళ్లకు, తాను ఎదిగి ఒప్పుకున్నప్పుడు. అప్పటికి పెళ్లయిపోయి ఉంటే అత్తవారి ఊరి సంఘం పుస్తకంలో చూడాలి. పాత చర్చి ఉన్న ఊరివాళ్లయితే, గుంటూరు లూథరన్ మిషన్ చుట్టుపక్కల వాళ్లయినా సరే, ముందు పాస్టరుగారిని కలవండి. బీరువాలో చెదపట్టకుండా మిగిలిన ఒక పుస్తకం ఉంటే అది ఏ సర్కారు రికార్డు కన్నా ఎక్కువ చెబుతుంది. మిషన్ ఉత్తరాలు, వార్షిక నివేదికలు అమెరికాలో అట్లాంటా నగరంలో బాప్టిస్టు చరిత్ర సంఘం దగ్గర ఉన్నాయి.

కరువులు కొట్టినప్పుడల్లా మనుషులు ఓడ ఎక్కారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా అక్కడి నాటాల్ చెరకు తోటలకు 1,52,000 మందికి పైగా కూలీలు వెళ్లారు. అందులో ఎక్కువ భాగం మద్రాసు రేవు నుంచే. తమిళులతో పాటు గంజాం, విశాఖ, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు ఉన్నారు. ఈ ఓడల జాబితాలు నేటికీ ఉన్నాయి, కంప్యూటర్లో చూసుకోవచ్చు. ఒక్కొక్కరికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు, ఏ యజమాని దగ్గరికి పంపారు అన్నవన్నీ వరసగా రాసి ఉంటాయి. నూరుమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లను తీసుకెళ్లాలన్నది అప్పటి నిబంధన. అందుకని ఆ జాబితాల్లో ఆడవాళ్లు తమ పేరుతో, తమ నంబరుతో ఉన్నారు. ఊళ్లో ఉండిపోయిన అక్క ‘స్త్రీ’ అన్న మాటలో కలిసిపోతే, పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటిన చెల్లెలి పేరు, ఆమె ఎడమచేతి మీద మచ్చతో సహా, నూట ఇరవై ఏళ్ల తర్వాత చదువుకోగలం. ఆ కాగితం ఆమె మీద ప్రేమతో రాసింది కాదు. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న గుర్తులవి. అది మనసులో పెట్టుకునే చదవాలి.

మారిషస్‌లో ఇలాంటి కాగితాలు మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ సంస్థ భద్రపరిచింది. అందులో కొందరి ఫోటోలు కూడా ఉన్నాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలనే పేరు పడింది. ఫిజీకి మద్రాసు నుంచి 1903లో ఓడలు మొదలయ్యాయి, ఆ ప్రయాణ పత్రాలు కూడా మిగిలాయి. వీటిలో వెతికేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. తెలుగు పేరును చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసింది వేరే భాష గుమాస్తా. ఎర్రమ్మ, వీరమ్మ, ఈరమ్మ ఒకటే కావచ్చు. పేరు దొరకకపోతే ఊరు పట్టుకుని వెతకండి, తండ్రి పేరు పట్టుకుని వెతకండి.

రంగం, అంటే బర్మాలోని రంగూను, వెళ్లినవాళ్లది వేరే కథ. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా రంగం మాట వినని ఊరు లేదు. 1931లో ఆ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. అది ఒప్పంద కూలి కాదు, టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి వచ్చే ప్రయాణం కాబట్టి మనిషి మనిషికీ పత్రం లేదు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు కొండలూ అడవులూ దాటి నడిచొచ్చినవాళ్లు కాగితాలు మోసుకురాలేదు. అలాంటి ఇళ్లలో పెద్దవాళ్ల నోట మిగిలిన మాటే రికార్డు.

ఇక ఊళ్లోనే ఉండిపోయినవాళ్ల కోసం భూమి లెక్కలు చూడాలి. కోస్తాలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే ఆర్.ఎస్.ఆర్., అడంగళ్లు, తెలంగాణలో సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. నిజాం కాలపు కాగితం ఉర్దూలో ఉంటే ‘వల్ద్’ అన్నదాని తర్వాత వచ్చేది తండ్రి పేరు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించుగా మన సంవత్సరం వస్తుంది. 1858లో వేసిన ఇనాం కమిషన్ తయారు చేయించిన ఫెయిర్ రిజిస్టర్లు చాలామంది పట్టించుకోరు. పెద్ద ఇనాందార్లతో పాటు గుడిలో మేళం వాయించినవాళ్లు, గుడి సేవలో ఉన్న ఆడవాళ్లు కూడా వాటిలో కనిపిస్తారు. అనుభవిస్తున్న మనిషి పేరు, వయసు, అసలు ఇనాం పొందినవాడితో వరస రాసి ఉంటాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి రిజిస్టరు దస్తావేజులు. అమ్మినవాడి, కొన్నవాడి పేర్లు చూసి మూసేయకండి. హద్దులు చదవండి. తూర్పు ఫలానా వాళ్ల చేను, దక్షిణం ఫలానా వాళ్ల దొడ్డి, పడమర పుంత, ఉత్తరం వాగు అని ఉంటుంది. జన్మలో ఏనాడూ రిజిస్ట్రారు ఆఫీసు గడప తొక్కని మనిషి పక్కవాడి కాగితంలో దక్షిణపు హద్దుగా దొరుకుతాడు. కింద సాక్షులుంటారు, చేవ్రాలు చేసినవాళ్లు, నిశానీ వేసినవాళ్లు. మగవాడు చనిపోయి, మైనరు కొడుకు తరఫున తల్లి అమ్మాల్సివచ్చిన చోట ఆమె పేరు పూర్తిగా రాయక తప్పదు. పాత దస్తావేజుల్లో ఆడవాళ్ల పేర్లు ఎక్కువగా బయటపడేది ఇలాంటి కష్టంలోనే.

ఊరి మునసబు రాసిన జనన మరణాల పుస్తకాలు దొరికితే 1918 చూడండి. ఆ సంవత్సరం ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. 1911కీ 1921కీ మధ్య దేశ జనాభా తగ్గిపోవడానికి ముఖ్య కారణం అదే. పుట్టిన బిడ్డకు చాలాచోట్ల పేరుండదు. మగశిశువు, ఆడశిశువు అని తండ్రి పేరుతో రాస్తారు.

1951-52 నాటి మొదటి ఎన్నికలకు జాబితాలు తయారైనప్పుడు తమ పేరు చెప్పని ఆడవాళ్లు ఫలానా వాడి భార్య, ఫలానా వాడి కూతురు అని రాయించుకున్నారు. సొంత పేరు చెప్పకుండా ఓటు ఇచ్చేది లేదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టాడు. దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లు ఆ కారణంగా జాబితాకు ఎక్కలేదు. వాళ్లలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్లు. నా దృష్టిలో ఆ పట్టుదల కఠినమైనదే అయినా సరైనది. ఆ తర్వాతి జాబితాల్లో ఆడవాళ్లు పేరుతో కనిపించడానికి అది దారి వేసింది. మన ఒంగోలు మనిషి అప్పటిదాకా బతికుంటే ఆమెకు 75 ఏళ్లు. ఆమె పేరు సర్కారు కాగితంలో మొదటిసారి దొరికేది అక్కడే కావచ్చు.

వెతికేవాళ్లు రెండు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ వల్ల వెంకయ్య కొడుకు సుబ్బయ్య, సుబ్బయ్య కొడుకు వెంకయ్య అని వరస సాగుతుంది. రెండు తరాలను ఒకటిగా పొరబడటం తేలిక, సంవత్సరం చూసుకోండి. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కాబట్టి ధాత అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు. పాత కాగితాల్లో వయసులు ముప్ఫై, ముప్ఫై అయిదు, నలభై అని గుండుగుత్తగా ఉంటాయి. వాటిని పట్టుకుని పుట్టిన సంవత్సరం తేల్చకండి. బందరు ఉప్పెన నాటికి చంటిపిల్ల అని పెద్దవాళ్లు చెప్పిన మాట ఇంతకన్నా గట్టిది, ఎందుకంటే ఆ ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది.

ఆడవాళ్ల కోసం వెతికేటప్పుడు పుట్టింటి పేరు దొరకకపోతే దారి మూసుకుపోతుంది. ఆ పేరు మగవాళ్లను అడిగితే దొరకదు. మేనత్తల్ని, పెద్దమ్మల్ని, పురుళ్లకు పుట్టింటికి ఎవరెవరు ఎక్కడికి వెళ్లారో గుర్తున్నవాళ్లని అడగాలి. పెద్దావిడను కూర్చోబెట్టి వంశవృక్షం చెప్పమంటే ఏమీ రాదు. మీ అమ్మకు పురుడు ఎక్కడ పోశారు, ఎవరు పోశారు, మీ అమ్మమ్మ పుట్టింటి నుంచి పండక్కి ఎవరు వచ్చేవాళ్లు అని అడిగితే ఊరి పేర్లూ ఇంటిపేర్లూ వాటంతటవే వస్తాయి. వచ్చిన మాట వచ్చినట్టు రాసుకోండి. అప్పటికప్పుడు సరిదిద్దకండి.

కాగితాల కోసం బయలుదేరే ముందు జిల్లా చూసుకోండి. మన మనిషి పుట్టినప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఊరు కదలలేదు కానీ దాని కాగితాలు మూడు జిల్లాల పేర్ల కింద ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి పెద్ద రికార్డులు చెన్నైలో ఎగ్మోరులోని ప్రాచీన పత్రాగారంలో, నిజాం నాటివి హైదరాబాదులో తార్నాకలో ఉన్నాయి. ఎగ్మోరు కౌంటరు దగ్గర ధాత కరువు నాటి ఒంగోలు కాగితాలు కావాలంటే నెల్లూరు జిల్లా అని రాసి ఇవ్వండి.